అమ్మొచ్చు, దున్నొచ్చు, ప్లాట్లు మాత్రం వేయకూడదు: అమెరికా ల్యాండ్ ట్రస్టులు ఎలా పనిచేస్తాయి

అమెరికాలో ల్యాండ్ ట్రస్టులనే స్వచ్ఛంద సంస్థలు కాపాడిన భూమి, 2020 నాటి దేశవ్యాప్త లెక్క ప్రకారం, 6.1 కోట్ల ఎకరాలు. ఆ దేశంలో నేషనల్ పార్క్ హోదా ఉన్నవన్నీ కలిపినా అంత రాదు. ఇంత భూమీ ఎక్కడుందో చూద్దామని వెళ్తే మాత్రం చాలాచోట్ల గేటూ, బోర్డూ, టికెట్ కౌంటరూ ఏమీ కనిపించవు. ఆవులు మేస్తుంటాయి. మొక్కజొన్న కోతకొచ్చి ఉంటుంది. కొన్నిచోట్ల కలప లారీలు కూడా తిరుగుతుంటాయి. రికార్డుల్లో ఓనరు పేరు చూస్తే ఏ రైతు కుటుంబానిదో, కలప కంపెనీదో ఉంటుంది.

భూమి వాళ్లదే అయినప్పుడు ట్రస్టు కాపాడినదేమిటి? జవాబు కొంచెం చిక్కుగా ఉంటుంది. ఆస్తి చట్టం, ఆదాయపు పన్ను, అన్నదమ్ముల వాటాలు, కోర్టు తీర్పులు అన్నీ అందులో పెనవేసుకుని ఉన్నాయి. ఒక్కో పోగు విడదీసి చూద్దాం.

కొని దాచడం అనే పాత పద్ధతి

1890లో చార్లెస్ ఎలియట్ అనే యువ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ‘గార్డెన్ అండ్ ఫారెస్ట్’ పత్రికకు ఒక ఉత్తరం రాశాడు. బోస్టన్ శివార్లలో వేవర్లీ ఓక్స్ అనే ముసలి ఓక్ చెట్ల తోపు ఉండేది. నగరం దాని మీదికి వచ్చేస్తోంది. లైబ్రరీ పుస్తకాలను, మ్యూజియం బొమ్మలను జనం కోసం భద్రం చేస్తున్నట్టే, అందమైన స్థలాలను భద్రం చేయడానికీ ఒక సంస్థ ఉండాలని ఆయన వాదన. మరుసటి ఏడాదే మసాచుసెట్స్ శాసనసభ ప్రత్యేక చట్టంతో ‘ట్రస్టీస్ ఆఫ్ రిజర్వేషన్స్’కు అనుమతి ఇచ్చింది. ప్రపంచంలో మొట్టమొదటి ల్యాండ్ ట్రస్టు అదేనంటారు. 1895లో ఇంగ్లండ్‌లో నేషనల్ ట్రస్ట్ పెట్టినవాళ్లకు కూడా అది ఒక నమూనా అయింది. ఎలియట్ 37 ఏళ్లకే, 1897లో, మెనింజైటిస్‌తో పోయాడు. ఆయన ఏ చెట్ల కోసం కలం పట్టాడో ఆ ఓక్ తోపు ట్రస్టుకి దక్కనే లేదు. 1893లో ప్రభుత్వ పార్కులో కలిసిపోయింది. అయితేనేం, చెట్లు నిలిచాయి.

ఎలియట్ పద్ధతి సూటిగా ఉంటుంది. భూమి కొను, లేదా దానంగా పుచ్చుకో, ఇక అమ్మకు. ఇప్పటికీ ట్రస్టులు ఈ పని చేస్తూనే ఉన్నాయి, ముఖ్యంగా అరుదైన మొక్కలూ జంతువులూ ఉన్నచోట. దీనికి కావలసింది డబ్బు, ఇంకా చెప్పాలంటే సమయానికి అందే డబ్బు. 1950లలో న్యూయార్క్ రాష్ట్రంలో మియానస్ నది లోయ అమ్మకానికి రాబోతోందని తెలిసి చుట్టుపక్కలవాళ్లు తమ జీవిత బీమా పాలసీలు తాకట్టు పెట్టి డబ్బు కూడగట్టారు. అప్పుడే కళ్లు తెరిచిన నేచర్ కన్జర్వెన్సీ అనే సంస్థ 7,500 డాలర్లు అప్పుగా ఇచ్చింది. 1955లో 60 ఎకరాలు చేతికొచ్చాయి. అప్పు తీరగానే అదే డబ్బు ఇంకో స్థలానికి వెళ్లాలన్నది షరతు. చిన్న ట్రస్టుల దగ్గర ఈనాటికీ ఈ తిరుగుడు నిధి పద్ధతి నడుస్తోంది. ప్రభుత్వం ఏదైనా స్థలం కొనాలంటే బడ్జెట్టు, కమిటీలు, సంతకాలు దాటేసరికి ఏళ్లు పడుతుంది. అమ్మేవాడు అన్నాళ్లు ఆగడు. ట్రస్టు అప్పు చేసి ముందు కొనేస్తుంది, ప్రభుత్వానికి వీలు చిక్కినప్పుడు దానికి అమ్మి అప్పు తీర్చుకుంటుంది. బయటికి ప్రభుత్వ అడవిలా కనిపించే చాలా స్థలాల వెనక ఇలాంటి మధ్యవర్తి ఒకరుంటారు.

కానీ ఒక లోయ మొత్తాన్నో, ఒక జిల్లా వ్యవసాయాన్నో కొని కాపాడటం ఎవరి తరమూ కాదు. అక్కడే రెండో పద్ధతి వచ్చింది.

మోపులోంచి ఒక కట్టె

అమెరికాలో లా చదివేవాళ్లకు మొదట్లోనే చెప్పే మాట: ఆస్తి హక్కు ఒక కట్టెల మోపు లాంటిది. దున్నుకునే హక్కు ఒక కట్టె. అమ్ముకునే హక్కు ఇంకొకటి. పిల్లలకు రాసివ్వడం, ఇతరులను లోపలికి రానివ్వకపోవడం, అడుగున ఉన్న ఖనిజం తవ్వుకోవడం, ముక్కలు చేసి ఇళ్లు కట్టడం, ఇలా ఒక్కోటీ ఒక్కో కట్టె. మోపు విప్పి ఒకటి రెండు కట్టెలు మాత్రమే వేరేవాళ్లకు ఇవ్వొచ్చు.

కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అంటే సరిగ్గా ఇదే. ఓనరు తన భూమిని ముక్కలు చేసి ఇళ్లు కట్టే హక్కును, ఇంకా తాను ఒప్పుకున్న కొన్నిటిని వదులుకుంటూ ట్రస్టుకు దస్తావేజు రాసిస్తాడు. ట్రస్టు ఆ హక్కును వాడుకోదు. ఇంకెవరూ వాడకుండా చూస్తూ కూర్చుంటుంది, అంతే. దస్తావేజు కౌంటీ (మన జిల్లా లాంటిది) రికార్డుల్లో నమోదవుతుంది. ఆ తర్వాత భూమి ఎవరి చేతికి మారినా ఆ షరతులు వెంట వెళ్తాయి. రైతు పొలాన్ని అమ్మొచ్చు, కౌలుకివ్వొచ్చు, కొడుక్కి రాయొచ్చు. కొన్నవాడు ప్లాట్లు వేయడానికి మాత్రం వీల్లేదు.

వినడానికి తేలిగ్గా ఉన్నా చట్టం దీన్ని మొదట్లో ఒప్పుకోలేదు. పక్క పొలం వాడికి దారి హక్కు ఇవ్వడం కోర్టులకు తెలుసు. పక్కన గజం నేల కూడా లేని ఒక సంస్థ, ఇంకొకరి భూమి మీద ‘ఇది చేయకూడదు’ అనే హక్కును శాశ్వతంగా అట్టిపెట్టుకోవడం పాత ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయానికి మింగుడుపడలేదు. చచ్చినవాళ్ల ఇష్టాయిష్టాలు బతికున్నవాళ్ల భూమిని ఏలకూడదన్నది ఆ సంప్రదాయంలో బలంగా ఉన్న భయం. అందుకని రాష్ట్రాలు ఒక్కొక్కటీ ప్రత్యేక చట్టాలు చేసుకోవాల్సి వచ్చింది. 1981లో ఒక నమూనా చట్టం తయారయ్యాక ఈ పని ఊపందుకుంది. ఆ పాత భయం మాత్రం చావలేదు, దాని సంగతి కాసేపట్లో మళ్లీ వస్తుంది.

ఇంకో అపోహ ఇక్కడే తీర్చేయాలి. కాపాడటమంటే ముట్టుకోకుండా వదిలేయడం అనుకుంటారు చాలామంది. 2001లో మెయిన్ రాష్ట్రంలో పింగ్రీ కుటుంబం తమ అడవి మీద న్యూ ఇంగ్లండ్ ఫారెస్ట్రీ ఫౌండేషన్‌కు ఈజ్‌మెంట్ అమ్మింది. విస్తీర్ణం 7,62,192 ఎకరాలు. సుమారు 2.8 కోట్ల డాలర్లు, అంటే ఎకరాకు 40 డాలర్ల లోపే పడింది. అక్కడ కలప కొట్టడం ఆగలేదు, ఆగాలని ఎవరూ అడగలేదు కూడా. ఆగింది విల్లాలు, రిసార్టులు, సరస్సుల ఒడ్డున ప్లాట్ల వ్యాపారం. చెట్టు కొడితే మళ్లీ పెరుగుతుంది. కాంక్రీటు పోసిన అడవి మళ్లీ అడవి కావడానికి ఎన్ని తరాలు పట్టాలి?

జోనింగ్ ఉండగా ఇదంతా ఎందుకు

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఫలానాచోట ఇళ్లు కట్టకూడదని ప్రభుత్వమే రూలు పెట్టొచ్చు కదా? పెట్టొచ్చు, పెట్టారు కూడా. శాన్‌ఫ్రాన్సిస్కోకి వంతెన అవతల ఉన్న మరిన్ కౌంటీ దీనికి మంచి ఉదాహరణ. 1960లలో ఆ కౌంటీ పశ్చిమ తీరానికి హైవేలు, కొత్త కాలనీలు వేయాలని పెద్ద పెద్ద ప్లాన్లు గీశారు. అక్కడి కొండల మీద తరాలుగా పాడి రైతులున్నారు. జనం గొడవ చేశాక, 1970ల మొదట్లో, 60 ఎకరాలకు ఒక్క ఇల్లు మించకూడదని కౌంటీ రూలు తెచ్చింది.

రూలు తెచ్చింది ఐదుగురు సభ్యుల బోర్డు. ముగ్గురు చేతులెత్తితే వచ్చిన రూలు, రేపు ఇంకో ముగ్గురు చేతులెత్తితే పోతుంది. ఎన్నిక ఎన్నికకూ టెన్షనే. అలాంటి అనిశ్చితిలో రైతు కొత్త కొట్టం కట్టడు, మంచి పశువులు కొనడు, పిల్లల్ని ఇదే వృత్తిలోకి రమ్మనడు. ఇవాళో రేపో అమ్మేసేదే కదా అనుకుంటాడు. అనుకున్నాక అమ్మడం ఎంతసేపు? ఎలెన్ స్ట్రౌస్ అనే పాడి రైతు, ఫిలిస్ ఫేబర్ అనే జీవశాస్త్రవేత్త కలిసి 1980లో మరిన్ అగ్రికల్చరల్ ల్యాండ్ ట్రస్ట్ పెట్టింది ఈ పరిస్థితిలోనే. కేవలం వ్యవసాయ భూమి కోసం ఆ దేశంలో పుట్టిన మొదటి ల్యాండ్ ట్రస్టు అది. ఒకరు ఆవుల కోసం, ఒకరు కప్పలూ గడ్డిజాతుల కోసం వచ్చారనుకోవచ్చు. ఇద్దరికీ కావలసింది ఒకే కొండ.

ప్రాంతీయ ట్రస్టుల అసలు బలం ఇలాంటి దగ్గరితనంలో ఉందని నా అభిప్రాయం. వాషింగ్టన్‌లో కూర్చున్న ఆఫీసుకు ఒక కౌంటీలో ఎన్ని ఎకరాలున్నాయో తెలుస్తుంది. ఏ రైతుకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయో, ఎవరి కూతురు తిరిగొచ్చి డెయిరీ చూసుకుందామనుకుంటోందో, ఎవరికి అప్పు మెడ మీదికొచ్చిందో ఊళ్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ట్రస్టు ఉద్యోగి రైతు ఇంటి వంటగది బల్ల దగ్గర కాఫీ తాగుతూ మొదలుపెట్టిన మాట సంతకం దాకా రావడానికి ఏళ్లు పట్టడం మామూలే.

ప్రాంతం అనేదానికి ఇంకో లెక్క కూడా ఉంది. ఒక్క పొలాన్ని కాపాడి చుట్టూ అంతా కాలనీలైపోతే ఆ పొలం ఎక్కువ రోజులు నిలవదు. పాల ట్యాంకరు ఒక్క డెయిరీ కోసం అంత దూరం రాదు. పశువుల డాక్టరు, దాణా అమ్మేవాడు, ట్రాక్టరు మెకానిక్ కొట్టు మూసుకుని వెళ్లిపోతారు. పేడ వాసన వస్తోందని కొత్తగా వచ్చిన ఇరుగుపొరుగు ఫిర్యాదులు పెడతారు. అలాగే ఎలుగుబంటికి, సాల్మన్ చేపకు సర్వే నంబర్లు తెలియవు. వాటికి వాగు మొత్తం కావాలి, కొండ నుంచి కొండకు దారి కావాలి. అందుకే పద్ధతిగా నడిచే ట్రస్టు ఎవరు ముందొస్తే వాళ్ల భూమి తీసుకోదు. మ్యాపు ముందు పెట్టుకుని, ఏ పొలం చేరితే పక్క రెండు కాపాడిన పొలాలు కలుస్తాయో చూసి ఆ గుమ్మం తడుతుంది.

డబ్బు లెక్క

రైతు ఎందుకు ఒప్పుకుంటాడు? నేల మీద ప్రేమ ఉండొచ్చు, ఉంటుంది కూడా. ప్రేమతో అప్పు తీరదు కాబట్టి లెక్క చూద్దాం.

200 ఎకరాల డెయిరీ ఉందనుకోండి. డెవలపర్ చూపుతో చూస్తే దాని విలువ 20 లక్షల డాలర్లు. పొలంగా మాత్రమే అమ్మితే 8 లక్షలు. అర్హత ఉన్న మదింపుదారు ఈ రెండు విలువలూ కట్టి తేడా తీస్తాడు. ఆ 12 లక్షలే ఈజ్‌మెంట్ విలువ. దాన్ని రైతు ట్రస్టుకు దానంగా ఇవ్వొచ్చు, అమ్మొచ్చు, సగం అమ్మి సగం దానమివ్వొచ్చు.

దానమిస్తే ఆదాయపు పన్నులో మినహాయింపు దొరుకుతుంది. 1976లో తాత్కాలికంగా మొదలై 1980లో స్థిరపడిన ఈ మినహాయింపును 2006లో పెంచారు, 2015లో ఆ పెంపును శాశ్వతం చేశారు. ఏటా ఆదాయంలో సగం దాకా మినహాయించుకోవచ్చు, మిగిలింది తర్వాతి 15 ఏళ్లపాటు వాడుకోవచ్చు. రాబడిలో సగానికి మించి వ్యవసాయం నుంచే వచ్చేవాళ్లయితే మొత్తం ఆదాయానికే మినహాయింపు. షరతు ఒకటి: ఈజ్‌మెంట్ శాశ్వతంగా ఉండాలి. 30 ఏళ్లకో 50 ఏళ్లకో రాసిస్తే ఈ లాభం లేదు.

ఇందులో ఒక పక్షపాతం ఉంది, దాచాల్సిన పనిలేదు. పన్ను మినహాయింపు ఎక్కువ పన్ను కట్టేవాడికే ఎక్కువ పనికొస్తుంది. వీకెండ్ ఫామ్‌హౌస్ ఉన్న బ్యాంకరుకు అది పండగ. ఏడాదంతా కష్టపడి చేతిలో ఏమీ మిగలని పాడి రైతుకు 12 లక్షల మినహాయింపు కాగితం మీది అంకె. ఆస్తి కోట్లలో, చేతిలో మాత్రం చిల్లిగవ్వ ఉండదు. అలాంటివాళ్ల కోసమే ఈజ్‌మెంట్‌ను డబ్బిచ్చి కొనే పద్ధతి వచ్చింది. న్యూయార్క్‌లోని సఫోక్ కౌంటీ 1974లోనే అభివృద్ధి హక్కులు కొనే పథకం పెట్టింది, దేశంలో అదే మొదటిది. ఇప్పుడు ఫెడరల్ వ్యవసాయ శాఖ వ్యవసాయ భూముల ఈజ్‌మెంట్ విలువలో మామూలుగా సగం దాకా భరిస్తుంది. మిగతాది రాష్ట్రం, కౌంటీ, దాతల నుంచి పోగు చేయడం ట్రస్టు పని. లాంగ్ ఐలండ్ తూర్పు కొసలోని ఐదు టౌన్లు 1998లో ఓటింగ్ పెట్టుకుని ఇళ్ల కొనుగోళ్ల మీద 2 శాతం పన్ను వేసుకున్నాయి. ఆ సొమ్ములో ఎక్కువ భాగం భూముల రక్షణకు వెళ్తుంది. రియల్ ఎస్టేట్ జోరు పెరిగేకొద్దీ దాన్ని అడ్డుకునే నిధి కూడా పెరుగుతుందన్నమాట. ఎవరి బుర్రలో పుట్టిందోగాని మంచి ఏర్పాటు.

మళ్లీ మన రైతు దగ్గరికి వద్దాం. ముగ్గురు పిల్లలు. ఒకడే పొలం చేస్తాడు, ఇద్దరు నగరాల్లో ఉన్నారు. 20 లక్షల భూమిని మూడు సమాన వాటాలేస్తే పొలం చేసేవాడు మిగతా ఇద్దరికీ 13 లక్షలకు పైగా ఇవ్వాలి. పాలమ్మి ఆ డబ్బు ఎప్పటికి తేగలడు? పొలం అమ్మకానికి వెళ్లేది ఇక్కడే. ఈజ్‌మెంట్ 12 లక్షలకు అమ్మితే ఇద్దరికీ చెరో 6 లక్షలు నగదు, మూడోవాడికి 8 లక్షల విలువైన పొలం. పన్నులు, ఖర్చులు పోను నిజ జీవితంలో లెక్క ఇంత నున్నగా కుదరదు. కానీ అన్నదమ్ములు కోర్టుకెక్కకుండా, ఆవులు కొట్టంలోనే ఉండే దారి ఒకటి తెరుచుకుంటుంది. ప్రకృతి రక్షణ అని మనం పిలిచే దాంట్లో చాలా భాగం నిజానికి వాటాల పంపకమే.

సంతకం తర్వాత

సంతకానికి ముందు చాలా తతంగం ఉంటుంది. భూమి మీద బ్యాంకు లోనుంటే బ్యాంకు తన హక్కును ఈజ్‌మెంట్ కన్నా వెనక్కి జరుపుకోవాలి, లేదంటే రేపు జప్తులో ఈజ్‌మెంటే కొట్టుకుపోతుంది. భూమి ఒకరిదై అడుగున ఖనిజం ఇంకొకరిదైన చోట్ల ఆ చిక్కు తేలాలి. ఇల్లు ఎక్కడ కట్టుకోవచ్చు, కొత్త కొట్టం ఎంత ఉండొచ్చు, వాగుకు ఎంత దూరం వదలాలి, కూతురి కోసం రెండో ఇంటికి చోటు ఉంచాలా, ఇలా పేజీలకు పేజీలు బేరం నడుస్తుంది. ఇవన్నీ ఒక ఎత్తు.

రెండో ఎత్తు ఆ తర్వాత మొదలవుతుంది, దానికి ముగింపు లేదు. సంతకం నాటికి భూమి ఎలా ఉందో ట్రస్టు ఒక నివేదిక తయారుచేస్తుంది. మ్యాపులు, కట్టడాల కొలతలు, ఫలానా చోట నిలబడి ఫలానా దిక్కుకు తీసిన ఫొటోలు, ఓనరు సంతకం. ఏడాదికోసారి ట్రస్టు మనిషి ఆ నివేదిక పట్టుకుని పొలానికి వెళ్తాడు. హద్దుల వెంట నడుస్తాడు. పాత ఫొటో ఎక్కడ తీశారో అక్కడే నిలబడి మళ్లీ తీస్తాడు. కొట్టం వెనక కొత్తగా కంకర పరిచి ఉంటుంది. ట్రాక్టరు నిలపడానికా, ఎవరికో పార్కింగ్ అద్దెకివ్వడానికా? వాగు గట్టున నాలుగు చెట్లు కొట్టేసి ఉంటాయి. గాలివానకు పడ్డాయా, నది కనిపించాలని కొట్టించారా? పక్కింటివాళ్ల కంచె పది అడుగులు ఇటు జరిగి ఉంటుంది. చాలావరకు ఇవి మాట్లాడుకుంటే పోయేవే. ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలతో దూరం నుంచే చూసే వీలుంది, కానీ ఓనరుతో పెరట్లో నిలబడి మాట్లాడే అరగంటకు అది సాటి రాదు.

ఎందుకంటే ఈజ్‌మెంట్ రాసిచ్చిన మొదటి ఓనరుతో గొడవలు తక్కువ. ఆయన ఇష్టపడి రాసిచ్చాడు. ఆయన మనవడో, మనవడి దగ్గర కొన్నవాడో ఆ బల్ల దగ్గర కాఫీ తాగినవాళ్లు కారు. వాళ్లకది ఎవరో ఎప్పుడో పెట్టిన అడ్డంకి. గొడవలు ఎక్కువగా వచ్చేది అక్కడే.

వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో సరిగ్గా ఇలాగే జరిగింది. 2001లో ఒక పొలం మీద వెట్‌లాండ్స్ అమెరికా ట్రస్ట్‌కు ఈజ్‌మెంట్ ఇచ్చారు. తర్వాత ఆ భూమిలో కొంత కొన్న కంపెనీ అక్కడ జున్ను తయారీ, బేకరీ, వైన్ రుచి చూపించే గది ఉండే పెద్ద భవనం మొదలుపెట్టింది. ఇది వ్యాపార భవనం, పొలం కట్టడం కాదని ట్రస్టు దావా వేసింది. మా పొలంలో పండిందే అమ్ముతాం, ఇదీ వ్యవసాయమేనని కంపెనీ వాదన. 2016లో రాష్ట్ర సుప్రీంకోర్టు కంపెనీ వైపు తీర్పిచ్చింది. దస్తావేజులో భాష రెండు రకాలుగా చదవడానికి వీలుంటే భూమిని స్వేచ్ఛగా వాడుకోవడానికే మొగ్గాలన్న పాత సూత్రం ఈజ్‌మెంట్లకూ వర్తిస్తుందని చెప్పింది. ముందు చెప్పిన ఆ పాత భయం ఇంకా బతికే ఉందన్నది ఇందుకే. పొలం కట్టడం అంటే ఏమిటో దస్తావేజులో విడమర్చి రాసి ఉంటే కథ వేరేలా ఉండేదేమో. ఆ తీర్పు తర్వాత దేశమంతటా ట్రస్టుల లాయర్లు తమ పాత నమూనాలు బయటికి తీసి చదువుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

ఇద్దరు ముగ్గురు ఉద్యోగులుండే ట్రస్టు ఇలాంటి కేసు ఒక్కటి ఓడినా కుదేలవుతుంది. అందుకే వందల ట్రస్టులు కలిసి 2013లో టెర్రాఫర్మా పేరుతో తమ సొంత బీమా సంస్థ పెట్టుకున్నాయి. సభ్య ట్రస్టుల కేసు ఖర్చులు అది భరిస్తుంది. సరిగ్గా నడుస్తున్న ట్రస్టులకు గుర్తింపు ఇచ్చే కమిషన్ 2006లో వచ్చింది. ఏటా పర్యవేక్షణ చేస్తున్నారా, దానికి నిధి విడిగా ఉంచారా అన్నవి అది చూసే వాటిలో ముఖ్యమైనవి. ఈజ్‌మెంట్ పుచ్చుకునేటప్పుడే ట్రస్టు ఓనరును విరాళం అడిగితే కొందరికి విడ్డూరంగా ఉంటుంది. హక్కూ ఇచ్చి డబ్బూ ఇవ్వాలా అంటారు. ఏటేటా ఆ కాపలాకు జీతం ఎక్కడినుంచి రావాలి మరి?

మచ్చలు

పన్ను లాభం ఉన్నచోటికి దళారులు రాకుండా ఉంటారా? వాళ్లు కనిపెట్టిన దారి ఇలా ఉంటుంది. చవక భూమి ఉన్న భాగస్వామ్య సంస్థలో కొందరు మదుపరులను చేర్చుకుంటారు. ఆ భూమిలో లగ్జరీ రిసార్టు రాబోయేదన్నట్టు మదింపు చేయించి, కొన్న ధరకు ఎన్నో రెట్లు విలువ చూపిస్తారు. ఈజ్‌మెంట్ దానమిచ్చి ఆ బూటకపు విలువ మీద మినహాయింపు పంచుకుంటారు. 2016 డిసెంబరులో పన్నుల శాఖ వీటిని అనుమానాస్పద లావాదేవీల జాబితాలో పెట్టింది. 2022 చివర్లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చట్టమే మార్చింది. పెట్టుబడికి రెండున్నర రెట్లు దాటిన మినహాయింపు ఇలాంటి భాగస్వామ్యాలకు చెల్లదు, కుటుంబ భాగస్వామ్యాల్లాంటి కొన్నిటిని మినహాయించి. ట్రస్టుల జాతీయ సంఘమైన ల్యాండ్ ట్రస్ట్ అలయన్స్ కూడా ఈ చట్టం కావాలనే పోరాడింది. పేరు పోతే తమ పని పోతుందని దానికి తెలుసు.

దళారుల సంగతి పక్కన పెడితే, నిజాయితీగా జరిగే పనిలోనూ నాకు కొన్ని సందేహాలున్నాయి. పన్ను రూపంలో జనం డబ్బు వెళ్తోంది, కానీ చాలా ఈజ్‌మెంట్ భూముల్లోకి జనానికి ప్రవేశం ఉండదు. ధనికుల పేటల్లో తమ పక్కన ఎవరూ ఇల్లు కట్టుకోకుండా ఉండటానికి ఇది మర్యాదైన మార్గం కాగలదు. అదీగాక ట్రస్టు ఎవరినీ బలవంతం చేయలేదు, ఇష్టమైనవాళ్ల దగ్గరే తీసుకోగలదు. అత్యవసరంగా కాపాడాల్సిన చిత్తడి నేల ఓనరు ఒప్పుకోకపోతే అంతే సంగతులు.

మరిన్‌లో ఇంకో రకం చిక్కు వచ్చింది. ఇళ్లు కట్టే హక్కు పోయినా అందమైన కొండ మీద ఒక్క పెద్ద ఇల్లుంటే చాలనుకునే సంపన్నులు పొలాలు కొనడం మొదలుపెట్టారు. భూమి భద్రం, రైతు మాయం. దాంతో అక్కడి ట్రస్టు, భూమిలో వ్యవసాయం జరిగి తీరాలన్న షరతును ఈజ్‌మెంట్లలో చేర్చడం మొదలుపెట్టింది. వెర్మాంట్‌లోనైతే, పొలాన్ని రైతు కానివాడికి అమ్మబోతే వ్యవసాయ విలువకే తాము కొనే హక్కును ట్రస్టు అట్టిపెట్టుకుంటుంది. వెర్మాంట్ ల్యాండ్ ట్రస్ట్ 1977లో ఒక్క నది పరీవాహకం పేరుతో పుట్టిన చిన్న ప్రాంతీయ సంస్థ. తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించింది.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న శాశ్వతం గురించి. సముద్ర మట్టం పెరిగి ఉప్పు చిత్తడి నేలలు లోపలికి జరుగుతున్నాయి, దస్తావేజులోని హద్దులు జరగవు. కొన్ని తీరప్రాంత ట్రస్టులు చిత్తడి రేపు ఎక్కడికి వస్తుందో లెక్కగట్టి ఆ మెరక భూములను ఇవాళే తీసుకుంటున్నాయి. వెనక్కి చూసినా ప్రశ్నలున్నాయి. ఎవరి భూమిని ఎవరి కోసం కాపాడుతున్నారు? 2020లో వెస్టర్న్ రివర్స్ కన్జర్వెన్సీ కాలిఫోర్నియాలో బిగ్ సర్ దగ్గర 1,199 ఎకరాలు కొని ఎస్సెలెన్ అనే స్థానిక ఆదివాసీ తెగకు అప్పగించింది. డబ్బు ఎక్కువగా రాష్ట్ర నిధుల నుంచి వచ్చింది. ఆ తెగ దాదాపు 250 ఏళ్ల కిందట ఆ భూమిని పోగొట్టుకుంది. ట్రస్టుల పని ఇటువైపు కూడా సాగడం నాకు నచ్చిన మార్పు.

అమెరికాలో ఊరి బయట స్థలమో, చిన్న ఫామో కొనాలని చూసే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు కాబట్టి ఆచరణలో పనికొచ్చే మాట ఒకటి. చుట్టుపక్కల రేటు కన్నా భూమి బాగా చవగ్గా వస్తోందంటే టైటిల్ రిపోర్టులో (ఆ భూమి మీద ఎవరికి ఏ హక్కులున్నాయో చెప్పే నివేదిక) ఈజ్‌మెంట్ ఉందేమో చూసుకోండి. ఉంటే రియల్టర్ చెప్పే సారాంశంతో సరిపెట్టుకోకుండా దస్తావేజు మొత్తం చదవండి, క్లోజింగ్‌కు, అంటే కొనుగోలు ఖరారయ్యే రోజుకు, ముందే ట్రస్టు ఆఫీసుకు ఫోన్ చేయండి. మొదటి నాటి నివేదిక కాపీ అడగండి. ఇల్లు కట్టుకోవడానికి వదిలిన చోటు ఎక్కడ, ఆ హక్కు ఇంకా మిగిలి ఉందా లేక పాత ఓనరే వాడేసుకున్నాడా, సోలార్ ప్యానెళ్లు పెట్టుకోవచ్చా, పాత ఉల్లంఘన ఏదైనా పెండింగులో ఉందా, ఇవి తేల్చుకోండి. పాత ఓనరు అనుమతి లేకుండా వేసిన షెడ్డును తీసేయాల్సిన బాధ్యత కొన్నవాళ్ల నెత్తిన పడే వీలుంది.